రేసు ఇస్తే కారు సెట్టులో కూత: ఎక్కడ వెతకాలి, ఎలా ఆపాలి

తిరుపతిలో ట్రావెల్స్ కార్లు నడిపేవాళ్ల నోట తరచుగా వినపడే మాట: "అన్నా, రేసు ఇస్తే చాలు, స్పీకర్లలో కుయ్యి మంటా ఉంది." కంపెనీ సెట్టు తీసేసి టచ్ స్క్రీన్ బిగించి, సీటు కింద యాంప్ (పాటను పెద్దది చేసే యాంప్లిఫయర్), డిక్కీలో సబ్ వూఫర్ (బేస్ కోసం పెద్ద స్పీకరు) పెట్టించుకున్నాక మొదలయ్యే జబ్బు ఇది. వెంటనే ఎవరో ఒకరు "ఫిల్టర్ వేయించు" అని సలహా ఇచ్చేస్తారు. ఇలాంటి శబ్దాన్ని వడకట్టే ఫిల్టర్ ఆఖరి మందు. ముందు ఆ శబ్దం దేనితో పాటు మారుతోందో వినండి. ఇంజిన్ వేగంతోనా, వాల్యూమ్‌తోనా, చార్జర్ పెట్టినప్పుడా? సగం జవాబు అక్కడే దొరుకుతుంది. వినేటప్పుడు అద్దాలు ఎత్తి, ఏసీ బ్లోయర్ ఆపేయండి.

లక్షణం: రేసుతో పాటు కూత సన్నబడుతూ పెరుగుతుంది

ఇంజిన్‌తో తిరుగుతూ కారుకు కరెంటు ఇచ్చేది ఆల్టర్నేటర్. దాని లోపల పుట్టేది ఏసీ కరెంటు. డయోడ్లు దాన్ని డీసీగా మారుస్తాయి, కానీ కొంచెం అల మిగిలిపోతుంది. ఇంజిన్ ఎంత వేగంగా తిరిగితే ఆ అల అంత వేగమవుతుంది, కూత అంత సన్నబడుతుంది. ఈ అల ప్రతి కారులోనూ ఉంటుంది. అది పాటలోకి ఎలా దూరుతోంది అన్నదే ప్రశ్న.

ఎక్కువసార్లు దారి ఎర్త్ (బ్యాటరీ నెగెటివ్‌కు కలిసిన కారు బాడీకి బిగించే నల్ల వైరు) వైపు నుంచే. సెట్టు ఎర్త్ డాష్‌బోర్డు వెనక ఒకచోట, యాంప్ ఎర్త్ వెనక ఇంకోచోట ఉంటాయి. రెండింటి మధ్య ఓల్టేజీలో చిన్న తేడా ఉన్నా చాలు, సెట్టునీ యాంప్‌నీ కలిపే ఆర్‌సీఏ వైరు పైపొర గుండా కరెంటు పారుతుంది. యాంప్ దాన్ని కూడా పాటే అనుకుని పెద్దది చేసి స్పీకర్లకు పంపుతుంది.

ఎక్కడుందో పట్టుకోవడానికి వరస ఇది. ఇంజిన్ ఆన్‌లో పెట్టి వాల్యూమ్ సున్నాకు తెండి. కూత అలాగే ఉంటే అది వాల్యూమ్ దాటాక, అంటే ఆర్‌సీఏ వైర్లలోనో యాంప్ దగ్గరో కలుస్తోంది. వాల్యూమ్‌తో పాటు తగ్గితే సెట్టుకు ముందే, ఆక్స్ వైరులోనో (ఫోన్ పాటను సెట్టుకు తెచ్చే వైరు) ఫోన్ చార్జర్‌లోనో వెతకాలి.

వాల్యూమ్ సున్నాలోనూ కూస్తోందా? అన్నీ ఆపేసి, యాంప్ దగ్గర ఆర్‌సీఏ వైర్లు పీకి, మళ్లీ ఆన్ చేయండి. కూత పోకపోతే తప్పు యాంప్ ఎర్త్‌దో, దాని పవర్ వైరుదో, స్పీకర్ వైరు ఎక్కడైనా బాడీకి తగలడమో. కూత పోతే యాంప్ మంచిదే, ఆర్‌సీఏ వైర్లనూ సెట్టునూ చూడాలి.

యాంప్ ఎర్త్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే కొంపలు ముంచేది ఇదే. సీటు కింద కార్పెట్ ఎత్తి చూడండి. నల్ల వైరు కొసన రింగు, దాని మీద స్క్రూ గట్టిగానే బిగించి ఉంటుంది. స్క్రూ విప్పి రింగు తిప్పి చూస్తే కింద కారు రంగు నిగనిగలాడుతూ కనిపిస్తుంది. రంగు మీద పెట్టిన రింగుకు కరెంటు స్క్రూ మరల గుండా మాత్రమే పోవాలి. ఉప్పు కాగితంతో రూపాయి బిళ్లంత మేర తెల్లటి ఇనుము కనిపించేదాకా గీకి, రింగు బిగించి, పైన తుప్పు పట్టకుండా కొంచెం గ్రీజు గానీ రంగు గానీ పూయండి. నవంబరు వానల్లో కార్పెట్ తడిసే కార్లలో ఈ పూత తప్పనిసరి. ఎర్త్ వైరు పవర్ వైరంత లావు ఉండాలి, పొడవు అడుగున్నర మించకపోతే మంచిది. సీటు బెల్టు బోల్టు జోలికి మాత్రం పోవద్దు, అది ప్రాణం కాపాడే బోల్టు. కొత్తగా రంధ్రం వేస్తుంటే ముందు కారు కిందకి దూరి చూడండి. చాలా చిన్న కార్లలో వెనక సీటు కిందే పెట్రోలు ట్యాంకు ఉంటుంది.

మల్టీమీటర్ ఉంటే ఊహలు అక్కర్లేదు. ఇంజిన్, హెడ్‌లైట్లు ఆన్ చేసి పాట గట్టిగా పెట్టి, యాంప్ ఎర్త్ టెర్మినల్‌కూ బ్యాటరీ నెగెటివ్‌కూ మధ్య డీసీ ఓల్టేజీ చూడండి. ఒక పొడుగు వైరు కావాలి, అంతే. 0.1 ఓల్టు లోపు ఉంటే ఎర్త్ బాగున్నట్టే. దాటితే మళ్లీ గీకాల్సిందే, లేదా బ్యాటరీ నెగెటివ్ నుంచి బాడీకి వెళ్లే వైరు బోల్టు వదులై ఉంటుంది.

ఎర్త్ బాగుండి, ఆర్‌సీఏ పీకితే కూత పోతోందనుకుందాం. కొత్త ఆర్‌సీఏ వైరు ఒకటి తెచ్చి, కార్పెట్ కింద కాకుండా సీట్ల మీదుగా వేలాడేసి కలిపి చూడండి. కూత పోతే పాత వైరు చెడినట్టు, లేదా అది పవర్ వైరుతో కలిసి ఒకే పక్కన పోతున్నట్టు. పని త్వరగా తెమల్చాలని రెండింటినీ కట్టగట్టి ఒకే గడప కింద తోసేయడం మామూలే. పవర్ వైరు ఎడమ గడప కింద వేస్తే ఆర్‌సీఏ కుడి వైపు వేయాలి. దాటక తప్పని చోట అడ్డంగా, కూడలిలా దాటించాలి.

కొత్త వైరుతోనూ కూస్తే సెట్టే. ఆన్‌లో ఉండగా ఆర్‌సీఏలు పీకి పెడుతుంటే కొన్ని సెట్లలో లోపలి సన్నటి ఎర్త్ ఫ్యూజు పోతుంది. ఒక తీగ ముక్కతో ఆర్‌సీఏ బయటి రింగునూ సెట్టు ఇనప డబ్బానూ కలపండి. కూత ఠక్కున ఆగితే అదే జబ్బు. ఆ తీగను శాశ్వతంగా అలాగే ఉంచేవాళ్లున్నారు. పని జరుగుతుంది, కానీ ఆ ఫ్యూజు మార్పించడం మేలు.

ఇంత చేశాకా సన్నగా మిగిలితే అప్పుడు ఆర్‌సీఏ దారిలో గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ పెట్టుకోవచ్చు, అది పాటను పోనిచ్చి రెండు ఎర్త్‌ల మధ్య దారిని తెంచే చిన్న డబ్బా. చవక రకాలు బేస్‌ను కొంచెం మింగేస్తాయి. కెపాసిటర్ కొంటే కూత పోతుందన్న మాట నమ్మకండి, దాని పని వేరు.

లక్షణం: ఫోన్ చార్జింగ్‌లో పెట్టినప్పుడే కూత

ఆక్స్ వైరు, చార్జరు రెండూ ఒకే ఫోన్‌కు తగిలించారు. ఎర్త్ రెండు దారుల్లో కలిసింది. చార్జర్ పీకగానే నిశ్శబ్దమైతే ఇంకేమీ వెతకక్కర్లేదు. పాట బ్లూటూత్‌లో వినండి, లేదా ఆక్స్‌కు చిన్న ఐసొలేటర్ పెట్టండి.

లక్షణం: ఇంజిన్ ఆపినా బుస్సుమనే శబ్దం

యాంప్ మీది గెయిన్ మొత్తం తిప్పేసి ఉంటుంది. గెయిన్ అంటే వాల్యూమ్ కాదు, సెట్టు నుంచి వచ్చే సిగ్నల్‌కు తగ్గట్టు యాంప్‌ను సరిపెట్టే మీట. సెట్టు వాల్యూమ్‌ను ముప్పావు వంతుకు పెట్టి, గెయిన్‌ను సున్నా నుంచి మెల్లగా పెంచుతూ గొంతు చీరినట్టు వినిపించగానే కొంచెం వెనక్కి తిప్పి వదిలేయండి.

ఆన్ చేయగానే "ఢబ్" మంటే యాంప్ రిమోట్ వైరును (యాంప్‌ను ఆన్ చేయమని చెప్పే సన్న వైరు) కీ ఆన్ కరెంటుకు కలిపేసి ఉంటారు. దాన్ని సెట్టు వెనక యాంప్ కోసం ఇచ్చిన వైరుకు మార్చండి, సాధారణంగా అది నీలం మీద తెల్ల గీత ఉన్నది. ఇండికేటర్ వేస్తే టిక్ టిక్ వినపడుతుంటే సెట్టు ఎర్త్‌ను లైట్ల ఎర్త్‌తో కలిపేశారని అర్థం. దానికి వేరే ఎర్త్ ఇవ్వండి.

లక్షణం: ఎఫ్ఎంలో మాత్రమే చిటపట

పెన్ డ్రైవ్ పాటలు శుభ్రంగా ఉండి రేడియో ఒక్కటే గరగరలాడితే అది గాలిలో వచ్చే అల్లరి. డాష్‌కామ్, చవక చార్జర్, బయట కొని వేసిన ఎల్ఈడీ హెడ్‌లైట్లు, వీటిలో ఒక్కొక్కటే ఆపి చూడండి. దొంగ దొరికితే దాన్ని మార్చండి, లేదా దాని వైరుకు ఫెర్రైట్ క్లిప్ (అల్లరిని అణిచే చిన్న నల్ల బిళ్ల) తగిలించి, వైరును యాంటెన్నా తీగకు దూరంగా జరపండి. పెట్రోలు బండిలో రేసుతో పాటు టక టక పెరిగితే రెసిస్టర్ లేని స్పార్క్ ప్లగ్ వేశారేమో చూడండి. అన్ని స్టేషన్లూ నీరసంగా వస్తుంటే యాంటెన్నా బూస్టర్‌కు కరెంటు ఇచ్చే వైరు కలపడం మరిచిపోయి ఉంటారు. అలిపిరి దాటి ఘాట్ రోడ్డు మలుపుల్లో రేడియో వచ్చీ పోతుంటే మాత్రం సెట్టు విప్పకండి. సిగ్నల్‌కు కొండ అడ్డం.

లక్షణం: కూతతో పాటు హెడ్‌లైట్లు మినుకుమినుకుమంటాయి

ఇది ఆడియో పని కాదు. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ మీద మల్టీమీటర్‌తో డీసీ చూస్తే చాలా కార్లలో 13.8 నుంచి 14.4 ఓల్టుల మధ్య రావాలి. తర్వాత మీటర్‌ను ఏసీకి తిప్పండి. 0.1 ఓల్టు లోపు ఉంటే బాగున్నట్టు. అర ఓల్టు దాటితే ఆల్టర్నేటర్‌లో డయోడ్ పోయిందని గట్టి అనుమానం. ఏ ఫిల్టరూ ఆ అలను ఆపలేదు, పైగా బ్యాటరీ దెబ్బతింటుంది. కొత్త కార్లలో బ్యాటరీ నెగెటివ్ మీద చిన్న సెన్సర్ ఉంటుంది. యాంప్ ఎర్త్‌ను నేరుగా ఆ టెర్మినల్‌కు కలిపి ఉంటే కారుకు చార్జింగ్ లెక్క తప్పుతుంది, కాబట్టి ఆల్టర్నేటర్ విప్పించేముందు అది కూడా చూడమని ఆటో ఎలక్ట్రీషియన్‌కు చెప్పండి. యాత్రికులను ఎక్కించుకుని ఘాట్ ఎక్కే బండి అయితే ఈ ఒక్క పనీ రేపటికి వాయిదా వేయకండి.