కార్తీకం దాటాక టమోటా నారు పోయడం ఎలా?

మన అనంతపురం, కర్నూలు, కడప పెరళ్లకు టమోటా నారు దసరా నాటికే పోసుకోవాలి. పోయలేదు, కార్తీకం కూడా వెళ్లిపోయిందా? పర్లేదు, కానీ డిసెంబరు మొదటి వారం దాటనివ్వకండి. నారు ఎదగడానికి 25 నుంచి 30 రోజులు, నాటాక మొదటి కోతకు ఇంకో 60, 70 రోజులు పడుతుంది. అంటే మార్చి మొదట్లో కాయ చేతికొస్తుంది. ఆ నెల సగానికి ఎండ ముదురుతుంది. పగలు 35 డిగ్రీలు దాటిందంటే పూత నిలవదు. కాబట్టి ఈ నారు చచ్చిపోతే మళ్లీ పోసుకునే వ్యవధి ఉండదు.

విత్తనం తొందరగా కాసేదై ఉండాలి. పూసా రూబీ తెచ్చుకోండి. అర్క రక్షక్ లాంటి హైబ్రిడ్లు తెగుళ్లకు తట్టుకుంటాయి, కాదనను. కానీ పప్పులోకి పులుపు లేని టమోటా ఎందుకండీ? ఇంకొందరు పండిన కాయను చక్రాల్లా కోసి మట్టిలో పూడ్చేస్తారు. గింజ చుట్టూ ఉండే జిగురు మొలకను ఆపుతుంది, వచ్చినవేమో ఒకే చోట గుంపుగా వస్తాయి. పైగా బజారు కాయ హైబ్రిడ్‌దైతే ఆ గింజకు అదే కాయ రాదు. ఆ పని మానేయండి.

ప్రోట్రే, అంటే నారు పెంచే గుంతల ప్లాస్టిక్ ట్రే, ఒకటి చాలు. లేకపోతే అడుగున చిల్లులు పెట్టిన పెరుగు డబ్బాలు. రెండు పాళ్లు కడిగిన కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు), ఒక పాలు వర్మీకంపోస్టు (వానపాముల ఎరువు) కలిపి నింపండి. ఎర్రమన్ను వద్దు, తడిసి ఆరితే పైన పెచ్చు కడుతుంది. గుంతకొక గింజ, అర సెంటీమీటరు లోతు. తడిపి, పైన గోనెపట్ట కప్పండి. టమోటా గింజకు 25, 30 డిగ్రీల వెచ్చదనం ఇష్టం. డిసెంబరు రాత్రుళ్లు చలి కాబట్టి చీకటి పడగానే ట్రేను వంటింట్లోకి తెచ్చుకోండి. మొలక వారం, పది రోజులకు రావచ్చు. ఈలోగా గింజ ఏమైందోనని వేలితో కెలకొద్దు. మొదటి మొలక వంగిన మెడతో పైకి కనిపించిన రోజే గోనెపట్ట తీసేసి ట్రేను వెలుతురులో పెట్టండి. ఒక్క రోజు ఆలస్యమైనా కాడలు పాలిపోయి సాగుతాయి.

ఇక అసలు గండం నీళ్లు. నారు చచ్చేది నీళ్లు లేక కాదు, ఎక్కువై. సాయంత్రం నిటారుగా ఉన్న మొక్క తెల్లారేసరికి పక్కకు ఒరిగి ఉంటుంది. ఆకు పచ్చగానే ఉంటుంది. దగ్గరికెళ్లి చూస్తే మట్టికి ఆనిన చోట కాడ నీరుపట్టి, గోధుమరంగు తిరిగి, దారంలా సన్నబడి ఉంటుంది. ఇది నారుకుళ్లు తెగులు. తడి ఆరని మట్టి, చలి, ఒత్తుగా పోసిన విత్తనం మూడూ కలిస్తే ఆ శిలీంధ్రానికి పండగే. మనవాళ్లు వాలిన మొక్కను చూసి ఎండిపోయిందనుకుని ఇంకో చెంబు పోస్తారు. దాంతో పక్కవి కూడా పోతాయి.

రోజూ పోయాలనే లెక్క పెట్టుకోవద్దు. ట్రేను చేత్తో ఎత్తి చూడండి. తేలిగ్గా ఉంటేనే నీళ్లు. అదీ పొద్దున ఎండ వచ్చాక. సాయంత్రం ఎంత వాడిపోయినట్టు కనిపించినా పోయకండి, రాత్రంతా తడి అలాగే నిలుస్తుంది. పైనుంచి చిలకరించొద్దు. వెడల్పాటి పళ్లెంలో వేలెడు నీళ్లు పోసి, ట్రేను పది నిమిషాలు అందులో పెట్టి తీసేయండి. వేర్లు కిందినుంచే తాగుతాయి, కాడ మొదలు పొడిగా ఉంటుంది.

ఏ నీళ్లైనా ఒకటే అనుకోకండి. ఉప్పు బోరు నీళ్లు వాడితే కోకోపీట్ మీద తెల్లటి పొర తేలుతుంది. ఆర్.ఓ. మిషను వదిలేసే నీళ్లు వృథా ఎందుకని నారుకు పోసేవాళ్లున్నారు. వాటిలో ఉప్పు ఇంకా ఎక్కువ. వాటితో బండలు కడుక్కోండి. నారుకు వాననీళ్లో, కుళాయి నీళ్లో పట్టి ఉంచండి.

అయినా తెగులు కనిపిస్తే, పడిపోయినవి గుంతలోని మట్టితో సహా తీసి పారేయండి. లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే తెగులు మందు కలిపి మిగిలిన మొదళ్లు తడపండి.

మొలకతో వచ్చే జంట ఆకుల తరవాత రెండు అసలైన ఆకులు విచ్చుకున్నాయంటే గండం దాదాపు గట్టెక్కినట్టే. తెల్లదోమ వాలకుండా ట్రే మీద సన్న దోమతెర కట్టండి. ఆకుముడత వైరస్‌ను మోసుకొచ్చేది అదే. నాటడానికి వారం ముందు నుంచి నీళ్లు తగ్గించి ఎండకు అలవాటు చేయండి. నాలుగైదు ఆకులు వచ్చాక ఒక సాయంత్రం చూసుకుని రెండడుగుల ఎడంతో నాటండి. కింది ఆకులు గిల్లేసి కాడ సగం దాకా పూడ్చండి, పూడ్చిన కాడ నుంచి కూడా వేర్లు వస్తాయి. ఊతకర్ర ఆ రోజే గుచ్చేయండి, తరవాత గుచ్చితే ఆ వేర్లే తెగుతాయి.