యుద్ధం చూసిన పిల్లలచేత బొమ్మలు వేయించడం ఎలా?

మయన్మార్‌లోని రఖైన్ నుంచి పారిపోయి వచ్చిన రోహింగ్యా కుటుంబాలు హైదరాబాద్‌లోని బాలాపూర్ చుట్టుపక్కల బస్తీల్లో ఉంటున్నాయి. అక్కడి పిల్లలకు డ్రాయింగ్ నేర్పుతామని చాలామంది వస్తారు. ‘శాంతి’ అని టాపిక్ ఇస్తారు, పోటీ పెడతారు, ప్రైజులు పంచి వెళ్లిపోతారు. పిల్లలంతా పావురమే వేస్తారు. వాళ్ల కథ మాత్రం వాళ్ల దగ్గరే ఉండిపోతుంది. దయచేసి పోటీలు పెట్టకండి.

సామాను: పెద్ద డ్రాయింగ్ షీట్లు, ఆయిల్ పాస్టెల్స్, ఒక చాప. షీట్లు, రంగులు కోఠీలో దొరుకుతాయి. స్కెచ్ పెన్నులు వద్దు. రబ్బరు అసలే వద్దు, అది చేతిలో ఉంటే పిల్లలు చెరుపుతూనే కూర్చుంటారు.

మొదలు: “నీకు ఏది వెయ్యాలనిపిస్తే అది వెయ్యి” అనండి, చాలు. మీరు వేసి చూపించకండి, దాన్నే దించేస్తారు.

అడగడం: అందరూ చెడగొట్టేది ఇక్కడే. బొమ్మ పూర్తవగానే “ఇదేంటి? తుపాకీయా? వీళ్లు చనిపోయారా?” అని అడుగుతారు. పిల్లవాడు మీ ముఖం చూసి, మీకు కావాల్సిన జవాబు చెప్పేస్తాడు. అలా కాకుండా పక్కన కూర్చుని “దీని గురించి చెప్తావా?” అని ఒక్కసారే అడగండి. ఈ పిల్లలకు హైదరాబాదీ ఉర్దూ బాగా వచ్చు, అందులోనే అడగండి. చెప్తే వాడి మాటలు వాడన్నట్టే షీటు వెనక రాయండి. చెప్పకపోతే వదిలేయండి, మర్నాడు కూడా గుచ్చి అడగొద్దు. ఏడుపు వస్తే కాగితం పక్కన పెట్టి, వాడికి చనువున్న పెద్దవాళ్లను పిలవండి.

రంగులు చూసి అర్థాలు తీయకండి. ఒక పిల్లవాడు సగం షీటు నల్లగా రుద్దాడు. చూసినావిడ “ఎంత భయమో పాపం” అంది. అడిగితే వాడు తలెత్తి గుడిసె మీది నల్ల టార్పాలిన్ చూపించాడు.

పేరు: రెండో ప్రపంచ యుద్ధంలో నాజీలు ఇప్పటి చెక్ దేశంలోని టెరెజీన్ ఘెట్టోలో, అంటే యూదుల్ని కుక్కిన నిర్బంధ పట్టణంలో, బంధించిన పిల్లలకు అక్కడే బందీగా ఉన్న చిత్రకారిణి ఫ్రీడ్ల్ డికర్-బ్రాండైస్ బొమ్మలు నేర్పింది. ఎవరి బొమ్మ మీద వాళ్లచేతే పేరు రాయించింది. 1944లో ఆమెను నాజీల ఔష్‌విట్జ్ శిబిరంలో చంపేశారు. ఆమె దాచి వెళ్లిన బొమ్మలు సుమారు 4,500 ఇప్పుడు ప్రాగ్‌లోని యూదు మ్యూజియంలో ఉన్నాయి. అందుకే పేరు రాయించమంటాను, కానీ వెనకవైపే. సాయుధ ఘర్షణల బారిన పడ్డ పిల్లలు మన 2015 జువెనైల్ జస్టిస్ (బాలల న్యాయ, రక్షణ) చట్టం కిందికి వస్తారు. 74వ సెక్షన్ ప్రకారం వాళ్ల పేరు, ఫొటో, చిరునామా బయటపెట్టకూడదు. వాట్సాప్ స్టేటస్‌లో కూడా పెట్టకండి.

బొమ్మ పిల్లలదే. ప్రదర్శనకు కావాలంటే పిల్లవాణ్ణీ, వాళ్ల అమ్మానాన్నలనూ అడిగి తీసుకోండి. వద్దంటే అక్కడితో వదిలేయండి. ఇప్పుడు ఇంట్లోనో బడిలోనో ఎవరో కొడుతున్నారని మాటల్లో తెలిస్తే మాత్రం బొమ్మ సంగతి తర్వాత, ముందు పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి.