ఆటిజం ఉన్న పిల్లలకు బడిలో సాయం: ఎవరికి, ఎలా దరఖాస్తు చేయాలి?

సదరం సర్టిఫికెట్ (వైకల్య ధ్రువపత్రం) వచ్చాక బడి సంగతి చూద్దామని చాలామంది తల్లిదండ్రులు ఆగిపోతారు. ఆగనక్కర్లేదు. దివ్యాంగుల హక్కుల చట్టం (2016) 16వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ నిధులతో నడిచే లేదా ప్రభుత్వ గుర్తింపు ఉన్న బడులు దివ్యాంగ పిల్లలను వివక్ష లేకుండా చేర్చుకోవాలి. ఆ సెక్షన్‌లో వైకల్య శాతం మాటే లేదు. కనీసం 40 శాతం వైకల్యం ఉండాలన్న నిబంధన 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచిత విద్య చెప్పే 31వ సెక్షన్‌కు. అందుకే బడి పని, సర్టిఫికెట్ పని ఒకేసారి మొదలుపెట్టండి.

ప్రభుత్వ బడైతే హెచ్‌ఎంకు తెల్లకాగితం మీద అర్జీ ఇవ్వండి. యూడైస్‌లో (బడుల, విద్యార్థుల వివరాల ప్రభుత్వ నమోదు) పిల్లవాడిని ప్రత్యేక అవసరాలు గల పిల్లల కింద నమోదు చేయమని, మండలంలో దివ్యాంగ పిల్లల కోసం నడిచే భవిత కేంద్రానికి, అక్కడి ఐఈఆర్‌పీ (ప్రత్యేక అవసరాల పిల్లలకు నేర్పే) టీచరుకు తెలియజేయమని అందులో అడగండి. భవిత కేంద్రాలు సమగ్ర శిక్ష పథకం కింద ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. అర్జీలో "ఆటిజం ఉంది, శ్రద్ధ చూపగలరు" అని రాస్తే టీచరుకు ఏం చేయాలో తెలియదు. "ఇంటర్వెల్ బెల్లు మోగితే చెవులు మూసుకుని బెంచీ కిందకి పోతాడు. ముందే సైగ చేస్తే కూర్చుంటాడు. నోటితో చెప్పిన దానికన్నా బొమ్మ చూపిస్తే త్వరగా అందుకుంటాడు" అని రాయండి. నకలు మీద తేదీతో సంతకం తీసుకోండి. సీటు ఇవ్వరేమోనని విషయం దాచేవాళ్లున్నారు. భయం అర్థమయ్యేదే, కానీ దాస్తే సాయం అడిగే దారి కూడా మూసుకుపోతుంది.

సర్టిఫికెట్‌కు స్వావలంబన్ పోర్టల్‌లో యూడీఐడీ (దివ్యాంగుల గుర్తింపు కార్డు) దరఖాస్తు చేయాలి. ఆధార్, చిరునామా రుజువు, ఆరు నెలల్లోపు తీయించిన ఫొటో దగ్గర ఉంచుకోండి. ఆసుపత్రిలో ఇసా అనే 40 అంశాల కొలతతో అంచనా వేస్తారు. స్కోరు 70 లేదా ఆపైన వస్తే ఆటిజం కింద లెక్క. కొత్త చోట పిల్లలు బిగుసుకుపోయి కూర్చుంటారు, ఇంట్లో కనిపించేది అక్కడ కనిపించదు. అందుకే ఇంట్లో తీసిన చిన్న వీడియోలు, థెరపీ రిపోర్టులు పట్టుకెళ్లండి. పిల్లల సర్టిఫికెట్ చాలావరకు తాత్కాలికమే, గడువు తేదీ చూసుకుని ముందే రెన్యువల్‌కు పెట్టుకోండి. యూడీఐడీ కార్డు తెల్లదైతే వైకల్యం 40 శాతం లోపు, పసుపైతే 40 నుంచి 80 లోపు, నీలమైతే 80, ఆపైన.

ప్రైవేటు బడిలో చేర్చాలనుకుంటే ఈ కాగితం నిజంగా అక్కరకొస్తుంది. విద్యాహక్కు చట్టానికి 2012లో చేసిన సవరణతో దివ్యాంగ పిల్లలు 25 శాతం ఉచిత సీట్ల కోటాలోకి వచ్చారు. ఆంధ్రప్రదేశ్‌లో అందులో 5 శాతం అనాథ, హెచ్‌ఐవీ బాధిత, దివ్యాంగ పిల్లలకు. ఒకటో తరగతికి నోటిఫికేషన్ వచ్చినప్పుడు ఆన్‌లైన్‌లో పెట్టాలి. ప్రవేశానికి పిల్లవాడికి పరీక్ష పెట్టడం అదే చట్టం 13వ సెక్షన్ ప్రకారం నిషేధం.

పదో తరగతి పరీక్షల్లో స్క్రైబ్ (జవాబులు రాసిపెట్టే మనిషి), అదనపు సమయం కావాలంటే దరఖాస్తు బడి ద్వారానే వెళ్లాలి. సీబీఎస్‌ఈలో మూడు గంటల పేపరుకు 60 నిమిషాలు అదనం. హాల్‌టికెట్లు వచ్చాక అడిగితే కష్టం, నామినల్ రోల్స్ (పరీక్ష రాసేవాళ్ల జాబితా) పంపేటప్పుడే హెచ్‌ఎంకు సర్టిఫికెట్ ఇచ్చేయండి.