కలప కొలిపించే ముందు ఈ జాగ్రత్తలు

• రేటు చెప్పగానే ఘనపుటడుగుకా, బోర్డ్ ఫుట్‌కా అని అడగండి. 12 బోర్డ్ ఫుట్లు కలిస్తే ఒక ఘనపుటడుగు. ఇక్కడ పొరబడితే లెక్కంతా తలకిందులే.

• సొంత టేపు తీసుకెళ్లండి. మందం, వెడల్పు అంగుళాల్లో, పొడవు అడుగుల్లో గుణించి 144తో భాగిస్తే ఘనపుటడుగులు వస్తాయి.

• ఆ మందం చిత్రిక పట్టకముందుదా, పట్టాకదా? నన్నడిగితే అన్నిటికంటే ముఖ్యం ఇదే. 2 అంగుళాల మందం, 9 అంగుళాల వెడల్పు, 8 అడుగుల పొడవున్న చెక్క సరిగ్గా ఒక ఘనపుటడుగు. చిత్రిక పట్టాక మందం 1.75కి దిగితే మిగిలేది 0.875. ఎనిమిదో వంతు పొట్టుగా పోయిందన్నమాట! ముడి కొలతకే డబ్బు కడుతుంటే ఆ తరుగు కూడా కలుపుకుని ఎంత కావాలో ముందే వేసుకోండి. టేపు ఒక్కచోట పెట్టి ఊరుకోవద్దు, రెండు చివర్లూ మధ్యలోనూ చూడండి.

• దుంగలైతే కొలిచే పద్ధతి తేల్చుకోండి. చుట్టుకొలతలో నాలుగో వంతును వర్గం చేసి పొడవుతో గుణించే హాపస్ లెక్క, గుండ్రటి దుంగ అసలు పరిమాణంలో సుమారు 78.5 శాతమే చూపిస్తుంది. రెండు పద్ధతుల రేట్లను పక్కపక్కన పెట్టి పోల్చకండి.

• పచ్చి కర్ర ఆరాక కుంచించుకుపోతుంది. చివర్ల పగుళ్లు, చేవ చుట్టూ ఉన్న తెల్లచెక్క కూడా కొలతలో కలిపారేమో చూడండి.