అమెరికాలో పెళ్లి, ఊళ్లో కాగితాలు: ముందు ఏది, తర్వాత ఏది?

కౌంటీ ఆఫీసులో లైసెన్స్ తీసుకుని పెళ్లి చేసుకున్నవాళ్లు ఇండియాకు టికెట్ కొనేముందే సర్టిఫైడ్ కాపీలు రెండు మూడు తీసుకోండి. ఒకదానికి ఆ రాష్ట్ర సెక్రటరీ ఆఫ్ స్టేట్ ఆఫీసులో అపోస్టిల్ (కాగితం ఇతర దేశాల్లోనూ చెల్లేలా వేసే ముద్ర) వేయించండి. ఈ ముద్రను దేశాలు ఒకరిదొకరు ఒప్పుకునే హేగ్ ఒప్పందంలో ఇండియా 2005లోనే చేరింది కాబట్టి ఆ ముద్ర ఉంటే మళ్లీ కాన్సులేట్ ముద్ర అక్కర్లేదు.

ఊరికొచ్చాక బంధువుల ముందు మళ్లీ తాళి కట్టడం మామూలే. కట్టించుకోండి, భోజనాలు పెట్టండి. ఆ రెండో తేదీతో మాత్రం సబ్ రిజిస్ట్రార్ దగ్గర ఇంకో సర్టిఫికెట్ తీసుకోవద్దు. వీసా కాగితాల్లో ఒక తేదీ, పాస్‌పోర్టు కాగితాల్లో ఇంకోటి ఉంటే సంజాయిషీ చెప్పుకోవాల్సింది మీరే.

ఇంటిపేరు మార్చుకోవాలని చట్టం ఎక్కడా అనలేదు. నన్నడిగితే వద్దనే అంటాను. పాస్‌పోర్టులో భర్త పేరు చేర్పించడం వేరు, మీ ఇంటిపేరు మార్చడం వేరు. రెండూ రీఇష్యూ దరఖాస్తులోనే జరుగుతాయి. ఇంటిపేరు మారితే పాన్, ఆధార్, బ్యాంకు అన్నిట్లో అక్షరం తేడా లేకుండా దిద్దించాలి. లక్ష్మిని ఒకచోట ‘ఎక్స్’తో, ఇంకోచోట ‘కేఎస్‌హెచ్’తో రాసుకున్నవాళ్లకు ఆ టెన్షన్ ఏంటో తెలుసు. పాన్ దరఖాస్తులో తండ్రి పేరు గడిలో పెళ్లయినా తండ్రి పేరే రాయాలి. నంబరు మారదు.

ఎక్కువమంది మరిచిపోయేది బ్యాంకు. అమెరికాలోనే ఉండిపోవాలని వెళ్లారంటే ఫెమా (విదేశీ మారక చట్టం) లెక్కలో నాన్ రెసిడెంట్ అయినట్టే. మామూలు సేవింగ్స్ ఖాతాను ఎన్ఆర్ఓగా, అంటే నాన్ రెసిడెంట్ల ఖాతాగా, మార్పించాలి. పసుపు కుంకుమ కింద నాన్న వేసిన ఎఫ్‌డీ ఉంటే దాని వడ్డీలో సెస్‌తో కలిపి 31.2 శాతం కోస్తారు. పన్ను కొయ్యొద్దంటూ ఏటా ఏప్రిల్‌లో ఇచ్చే ఫారం ఇక మీకు పనికిరాదు. అమెరికాతో ఉన్న పన్ను ఒప్పందం ప్రకారం ఆ కోత 15 శాతానికి తగ్గుతుంది. అందుకు అక్కడి పన్ను శాఖ ఇచ్చే నివాస ధ్రువపత్రం, ఫారం 6166, బ్యాంకుకు చూపాలి. దీనికి ఫారం 8802తో ముందే దరఖాస్తు పెట్టుకోండి.

ఆదాయపు పన్ను లెక్క మాత్రం వేరు. ఏప్రిల్ నుంచి మార్చి లోపు 182 రోజులు ఇక్కడ ఉంటే ఆ ఏడాదికి రెసిడెంటే. అంటే నవంబరులో విమానం ఎక్కిన అమ్మాయి బ్యాంకుకు నాన్ రెసిడెంట్, పన్ను శాఖకు రెసిడెంట్! మార్చిలోపు అక్కడ జీతం వస్తే అదీ ఇక్కడ చూపాలి. అక్కడ కట్టిన పన్నుకు క్రెడిట్ అడగొచ్చు. పన్ను లెక్కలోనూ నాన్ రెసిడెంట్ అయ్యాక రిటర్న్ ఫారాల్లో ఐటీఆర్-1 కుదరదు, జీతం, వడ్డీ, అద్దెలాంటివే ఉంటే ఐటీఆర్-2 వేయాలి. గడువు మామూలుగా జూలై 31. ఎక్కువ కోసిన పన్ను వెనక్కి రావాలన్నా రిటర్న్ వేయాల్సిందే.

వేశాక 30 రోజుల్లో వెరిఫై చేయాలి. ఓటీపీ ఆధార్‌కు లింకైన నంబరుకే వస్తుంది. ఆ సిమ్ రీచార్జి లేక ఆగిపోయి ఉంటే నెట్ బ్యాంకింగ్ నుంచి చేయొచ్చు. అదీ లేకపోతే ఐటీఆర్-వీ (రిటర్న్ వేసినట్టు వచ్చే రసీదు) ప్రింట్ తీసి, సంతకం పెట్టి, బెంగళూరులోని పన్ను శాఖ కేంద్రానికి పోస్టు చేయండి.