వైఫై కాలింగ్, 4వ పాఠం: 112 వాట్సాప్‌లో ఉండదు

మూడో పాఠంలో వైఫై కాలింగ్, అంటే టవర్ బదులు ఇంటి వైఫై మీదుగా మామూలు కాల్ పోవడం, ఆన్ చేసుకోవడం చెప్పాను. "ఇక ఇంట్లో సిగ్నల్ లేకపోయినా ఫోను పోతుంది" అని ఊపులో ఓ వాక్యం కూడా రాసేశాను. దాని ఫలితం మా పర్లాకిమిడి వీధిలోనే కనబడింది. మొన్న ఎదురింటి మామ్మగారు ఫోను పట్టుకొచ్చి, "ఒరే బాబూ, 112 వాడు వాట్సాప్‌లో లేడంట, ఆహ్వానించమంటంది" అన్నారు. చూస్తే నిజమే. 'అంబులెన్స్' అని సేవ్ చేసిన అత్యవసర నంబరు 112, దాని పక్కనే ఆహ్వానించమనే బటను!

కాబట్టి ఈ వారం చెప్పాల్సిన కాల్ ఫార్వర్డింగ్ వచ్చేవారానికి వాయిదా, ముందు ఈ 112 సంగతి.

వైఫై కాలింగ్ మీ సిమ్ కంపెనీ ఇచ్చేది. నంబర్లు నొక్కే మామూలు డయలర్ నుంచే పోతుంది. వాట్సాప్ ఒక యాప్, దాని నుంచి 112కి గానీ 108కి గానీ పోదు. ఐమో అంతే, టెలిగ్రామ్ అంతే, మెసెంజర్ అంతే. వీడియోలో దుబాయ్ మనవడి ముఖం కనబడుతోంది కదా, 112 ఎందుకు పోదంటారా? అవతల మనవడి దగ్గర అదే యాప్ ఉంది, కంట్రోల్ రూములో లేదు. వాట్సాప్ ఈ సంగతి తన షరతుల్లోనే రాసుకుంది. 2017లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఇంటర్నెట్ టెలిఫోనీ (ఇంటర్నెట్ మీదుగా ఫోను కాల్స్) మీద ఇచ్చిన సిఫారసుల్లో కూడా అత్యవసర కాల్ సౌకర్యాన్ని తప్పనిసరి చెయ్యలేదు, ఆ లోటు చందాదారుడికి చెబితే చాలంది.

సిగ్నల్ గీతలు లేవని డయలర్‌ని వదిలెయ్యకండి. మీ కంపెనీ టవర్ అందకపోయినా, వేరే కంపెనీది అందితే 112 దాని మీదుగా పోతుంది. 'ఎమర్జెన్సీ కాల్స్ మాత్రమే' అని తెర మీద పడేది అప్పుడే. ఉత్త వైఫై మీద పోతుందా లేదా అన్నది కంపెనీని బట్టి, ఫోన్ని బట్టి ఉంటుంది. నేనైతే నమ్ముకోను. కరెంటు పోతే రౌటర్ కూడా పోతుంది కదా. పాత ల్యాండ్‌లైనుకి ఎక్స్ఛేంజి బ్యాటరీల నుంచే 48 వోల్టులు తీగ వెంట వచ్చేవి, ఇల్లంతా చీకటైనా మోగేది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చిన రాత్రి గుర్తున్నవాళ్లకి ఇంకేం చెప్పక్కర్లేదు.

మనకి ఇంకో చిక్కుంది. మేడ ఎక్కితే ఫోను సరిహద్దు అవతలి పాతపట్నం వైపు టవర్ పట్టేస్తుంది, 112 ఆంధ్రాలో మోగొచ్చు. అందుకని అవతల ఎత్తగానే "ఒడిశా, గజపతి జిల్లా, పర్లాకిమిడి" అనండి. ఏడుపు, వివరం తరవాత.

అభ్యాసం: 112 కొట్టి పరీక్షించకండి, అది ఆటవస్తువు కాదు. రాత్రి మెయిన్ స్విచ్ ఆపి, ఇల్లూ పెరడూ తిరిగి గీతలు ఎక్కడ వస్తున్నాయో చూసి, ఆ చోట గోడ మీద సుద్దతో గుర్తు పెట్టండి. అక్కడే నిలబడి మీ చిరునామా, దగ్గర్లోని గుడి పేరు, ఏం జరిగిందో ఇరవై సెకన్లలో చెప్పండి. ఒకసారి తెలుగులో, ఒకసారి ఒడియాలో. పిల్లల చేత కూడా చెప్పించండి. మా ఇంట్లో నాకే నలభై పట్టింది.