సబ్బు ప్రకటనను తిరగేసి చదవడం

పదో తరగతి నుంచి డిగ్రీ దాకా ఏ క్లాసులోనైనా నలభై ఐదు నిమిషాల పీరియడ్లు రెండు ఉంటే పాత సబ్బు ప్రకటనలను చదివించే ఈ పని చేయించవచ్చు. మనిషి రంగు, ఒళ్లు, చాకిరీ ఎట్లా సరుకయ్యాయో పాఠంలా చెబితే పిల్లలు తలూపి మరిచిపోతారు. బొమ్మ చేతికిస్తే వాళ్లే పట్టుకుంటారు. పట్టుకోవాల్సింది ఏమిటంటే, ప్రకటనలో మనిషి రెండుసార్లు అమ్ముడుపోతాడు: బొమ్మగా ఒకసారి, బొమ్మలో కనపడని కూలీగా ఇంకోసారి. మొదటిది చూపించడం సులువు. రెండోదానికే ఎక్కువ టైం ఉంచుకోవాలి.

నలభై మంది పిల్లలకు ఎనిమిది గుంపులు, నాలుగు బొమ్మలు, ఒక్కోటి రెండు కాపీలు. మొదటిది పియర్స్ సబ్బు వాళ్లు 1880లలో వేసిన తొట్టి బొమ్మ. రెండోది అదే సబ్బుకు 1899లో వచ్చిన అడ్మిరల్ డ్యూయీ ప్రకటన. మూడోది 1941లో హిందీ సినిమా నటి లీలా చిట్నిస్‌తో వచ్చిన లక్స్ సబ్బు ప్రకటన. నాలుగోది ఇప్పటి ఫెయిర్‌నెస్ క్రీము ఖాళీ డబ్బా, ఊళ్లో ఏ కిరాణా కొట్లోనైనా దొరుకుతుంది.

ప్రింట్లు ఏ3 సైజులో, కలర్‌లో తీయాలి. బొమ్మను వాట్సాప్‌లో ఫొటోగా పంపితే కుదించుకుపోయి చిన్న అక్షరాలు చెదిరిపోతాయి, డాక్యుమెంటుగా పంపండి లేదా పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్లండి. డబ్బులు మిగులుతాయని బ్లాక్ అండ్ వైట్ జిరాక్సు తీయొద్దు. ముదురు రంగు ముఖాల్లో కన్ను, ముక్కు కలిసిపోయి నల్ల మచ్చ మిగులుతుంది. చూడాల్సింది ఆ ముఖమే.

మొదటి పదిహేను నిమిషాలు అక్షరాలన్నీ తెల్లకాగితంతో కప్పేయాలి. నియమం ఒక్కటే: 'వివక్ష', 'జాత్యహంకారం' అన్న మాటలు ఎవరూ వాడొద్దు. కనిపించింది మాత్రమే రాయాలి. ఎవరు నిలబడ్డారు, ఎవరు కూర్చున్నారు, సబ్బు ఎవరి చేతిలో ఉంది, బట్టలు ఎవరికి ఉన్నాయి? తొట్టి బొమ్మలో పైన నల్లపిల్లవాడు తొట్టిలో కూర్చుంటాడు, తెల్లపిల్లవాడు తెల్ల ఆప్రాన్‌తో మీదికి వంగి ఉంటాడు. కింద బొమ్మలో నల్లపిల్లవాడి ఒళ్లు తెల్లబడింది, ముఖం మాత్రం నల్లగానే ఉంది. తెల్లపిల్లవాడు అద్దం చూపిస్తున్నాడు. తీర్పు మాట ముందే నోటికొస్తే పిల్లలు చూడటం ఆపేస్తారు, ఆ అద్దాన్ని గమనించరు. ముఖం ఎందుకు మారలేదని ఎవరో ఒకరు అడిగేదాకా ఆగండి, సాధారణంగా పది నిమిషాల్లో అడుగుతారు. ఎంత కడిగినా పూర్తిగా 'మనవాడు' కాడు అన్న కబురు అక్కడే ఉంది.

తర్వాత కాగితం తీసేసి తేదీ చెప్పాలి. తొట్టి బొమ్మ కాలమూ, యూరప్ రాజ్యాలు 1884-85లో బెర్లిన్‌లో కూర్చుని ఆఫ్రికాను పంచుకునే షరతులు రాసుకున్న కాలమూ ఒకటే. డ్యూయీ బొమ్మకు ఇంకొంచెం వివరణ కావాలి. 1898 మేలో మనీలా రేవులో స్పెయిన్ నౌకలను ముంచిన అమెరికా అడ్మిరల్ అతను. ఆ ఏడాది డిసెంబరు ఒప్పందంలో అమెరికా స్పెయిన్‌కు 2 కోట్ల డాలర్లు కట్టి ఫిలిప్పీన్స్‌ను తీసుకుంది. మనుషులతో సహా. మరుసటి ఫిబ్రవరిలో, మిగతా జాతులను 'బాగుచేయడం' తెల్లవాడి బాధ్యత అంటూ ఇంగ్లిషు కవి కిప్లింగ్ రాసిన 'తెల్లవాడి బరువు' కవిత వచ్చింది, అదే ఏడాది ఆ మాటను సబ్బు ఎత్తుకుంది. తెల్లవాడి బరువు తగ్గించే తొలి మెట్టు శుభ్రత నేర్పడమేనట! బరువు తగ్గించడానికీ రంగు తేల్చడానికీ ఇంగ్లిషులో ఒకే క్రియ, 'లైటెన్'. తెలుగు చేస్తే ఆ శ్లేష పోతుంది కాబట్టి రెండు అర్థాలూ బోర్డు మీద రాయండి. బొమ్మ మూలల్లో ఓడలు, దింపుతున్న పెట్టెలు, మోకాళ్ల మీద ఉన్న మనిషికి సబ్బు ఇస్తున్న తెల్లమనిషి ఉంటారు. ఆ మూలలకు ఐదు నిమిషాలు ఇవ్వండి.

తెలంగాణ క్లాసులో ఇక్కడ తప్పకుండా ఒక ప్రశ్న వస్తుంది: "సార్, మన దగ్గర నిజాం కదా, ఇంగ్లిషోళ్లు ఎక్కడున్నరు?" మంచి ప్రశ్న. సబ్బుకు రాజుతో పనిలేదు, రైలు చాలు. ఇప్పటి కర్ణాటకలోని వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాదుకు 1874లో రైలు వచ్చింది. 1888 నాటికి ఇంగ్లండు కంపెనీ లీవర్ సోదరుల సన్‌లైట్ సబ్బు పెట్టెలు కలకత్తా రేవులో దిగుతున్నాయి. అంతకుముందు పాలమూరు, నల్లగొండ పల్లెల్లో జనం మురికిగా ఏమీ లేరు. తలకు కుంకుడుకాయ, ఒంటికి సున్నిపిండి, బట్టలకు చాకలి వాళ్ల చౌడు మట్టి ఉండేవి. ప్రకటన వీటిని శుభ్రతగా లెక్కించదు, లెక్కిస్తే సబ్బు అమ్ముడుపోదు.

రెండో పీరియడు మొత్తం కనపడని మనిషి కోసం. సబ్బు అంటే కొవ్వు, క్షారం. ఆ రోజుల్లో కొవ్వులో ఒక వాటా పశ్చిమ ఆఫ్రికా పామాయిల్. లీవర్ కంపెనీ 1911లో బెల్జియన్ కాంగోలో తోటల హక్కులు తీసుకుంది, అక్కడ గెలలు కోయించింది చాలావరకు నిర్బంధ చాకిరీతోనే. తొట్టిలో కూర్చోబెట్టి కడిగిన పిల్లవాడూ, సబ్బులకు నూనె ఇచ్చిన చేయీ ఒకే ఖండానివి. ఈ రెండు ముక్కలూ పిల్లలతోనే కలిపించండి, మీరు కలిపితే ఉపన్యాసం అయిపోతుంది.

తర్వాత నల్లబోర్డు మీద రెండు పట్టీలు గీయండి, మొదటిది ఓడ జాబితాకు. మద్రాసు రేవు నుంచి 1860లో ట్రూరో ఓడలో దక్షిణాఫ్రికాలోని నటాల్ చెరుకుతోటలకు పోయినవాళ్లలో తెలుగువాళ్లున్నారు. అట్లాంటి ఓడల జాబితాల్లో మనిషికి ఒక నంబరు, పేరు, వయసు, కులం, ఊరు, ఎత్తు, ఒంటి మీద పుట్టుమచ్చలు రాసేవారు. పక్క పట్టీలో 'పాలమూరు లేబర్' అన్న మాట రాయండి. ఊరి పేరే సరుకు గుర్తయిన మాట అది: మట్టిపనికి, రాతిపనికి, డ్యాం పనికి. గుంపు మేస్త్రీ అడ్వాన్సు ఇస్తాడు, మనిషి పోతాడు, అడ్వాన్సు తీరేదాకా తిరిగి రాలేడు. 1979 అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం ఫొటో అంటించిన పాస్‌బుక్ ఇవ్వాలనీ, నెల కూలీలో సగం లేదా 75 రూపాయలు, ఏది ఎక్కువైతే అది, తరలింపు భత్యం కట్టాలనీ రాసింది. ఓడ జాబితాలో లేని గడి ఏది, పాస్‌బుక్‌లో ఉన్నది ఏది అని అడగండి. పిల్లలు ముందు 'ఫొటో' అంటారు. ఆగితే ఎవరో ఒకరు 'ఎంత రావాలో' అంటారు. కావాల్సింది ఆ రెండోదే.

మీ ఇంట్లో ఎవరు పోయారని మాత్రం నోటితో అడగొద్దు. ముంబయిలోనో పుణెలోనో అమ్మానాన్నలున్న పిల్లలు ఆ క్లాసులోనే ఉంటారు. అదే లెక్కన, రంగు గురించి మాట్లాడేటప్పుడు ఏ పిల్లనూ ఉదాహరణగా నిలబెట్టొద్దు. ఒక్కసారి నిలబెడితే ఆ ఏడాదంతా ఆమె పేరు మారిపోతుంది.

క్రీము డబ్బా దగ్గర క్లాసు పక్కదారి పడుతుంది, "అంతా తెల్లోళ్లే నేర్పిన్రు" అని. ఒప్పుకోవద్దు. ఎర్రగ ఉంది, కర్రెగ ఉన్నడు అని మన ఊళ్లలో అనడానికి ఏ కంపెనీ కూడా అక్కర్లేదు. రంగును కులంతో ముడిపెట్టిందీ మనమే. కంపెనీ చేసింది ఆ చూపుకు ధర కట్టడం. 1975లో ఫెయిర్ అండ్ లవ్లీ వచ్చింది, 2020లో పేరులో 'ఫెయిర్' తీసి 'గ్లో' పెట్టారు. డబ్బా మీద ముఖం ఎంత మారిందో పాత, కొత్త బొమ్మలు పక్కపక్కన పెట్టి చూపండి.

ఇంటిపనికి ఆదివారం పేపర్ల పెళ్లిసంబంధాల కాలమ్ నుంచి వంద ప్రకటనలు కత్తిరించి తేవాలి. ఫోన్ నంబర్లు ముందే నల్ల స్కెచ్ పెన్నుతో కొట్టేయండి. రంగు, కులం, జీతం, ఆస్తి అని నాలుగు గడులు గీసి, ఆ ముక్క కోరింది ఎవరు, ఎవరి గురించి అని వేర్వేరుగా గీతలు పెట్టాలి. మ్యారేజ్ బ్యూరోలు ఒకే ప్రకటనను వారం వారం వేస్తాయి, ఏరెయ్యకపోతే లెక్క ఉబ్బుతుంది.

చివరికి నాలుగు బొమ్మలనూ గోడకు పెట్టేటప్పుడు ఒక్కోదాని కింద రెండు చీటీలు అంటించండి: 'బొమ్మలో ఎవరు', 'చేసిన చేయి ఎవరిది'. రెండో చీటీకి జవాబు దొరకని చోట పిల్లలు ఏదో ఒకటి రాసి నింపాలని చూస్తారు. నింపనివ్వొద్దు, ఆ చీటీని ఖాళీగానే అంటించండి.